మూడు నెలల క్లోనింగు, మూడు గంటల జనం

ఐజెమ్ అనే పోటీ పేరు వినని వాళ్ళకోసం ముందు నాలుగు ముక్కలు. కాలేజీ పిల్లలు (ఈమధ్య హైస్కూలు పిల్లలు కూడా) జట్టుగా చేరి, ఒక బాక్టీరియాలోనో ఈస్టులోనో కొత్త డీఎన్ఏ పెట్టి, అది పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యని పనొకటి దానిచేత చేయించాలి. 2003లో ఎంఐటీలో నెలరోజుల కోర్సుగా మొదలైంది. 2004లో 5 జట్లు, 2005లో 13. ఇప్పుడు ఏటా నాలుగు వందల పైచిలుకు. చాలా ఏళ్ళు బోస్టన్‌లో జరిగిన ఆఖరి జాతర 2022 నుంచి పారిస్‌కు మారింది.

ఇందులో సాఫ్టువేరు వాళ్ళు ముచ్చటపడే సంగతొకటుంది. దీని వెనకున్న పెద్దల్లో ఒకాయన టామ్ నైట్. బయాలజీ మనిషి కాదు, ఎంఐటీ కృత్రిమ మేధ లాబులో లిస్ప్ మెషీన్లు కట్టినాయన. నడివయసులో జీవశాస్త్రం క్లాసులకు వెళ్ళి, కంప్యూటర్ల మధ్యలోనే ఒక తడి లాబు పెట్టించుకున్నాడు. మరలు, బోల్టులు, చిప్పులు ఎలాగైతే ఒక కొలతకు కట్టుబడి ఉంటాయో, డీఎన్ఏ ముక్కలూ అలాగే ఉండాలని 2003లో బయోబ్రిక్ అనే పద్ధతి రాశాడు. 2004లో టెక్సస్ (ఆస్టిన్) విద్యార్థులు, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు కలిసి వెలుగు పడితే ఒకలా, పడకపోతే ఇంకోలా ఉండే బాక్టీరియాను తయారుచేశారు. ఆ బాక్టీరియా పొర మీద వాళ్ళు అచ్చొత్తిన మాట ఏమిటో ఊహించండి. హలో వరల్డ్! మరుసటేడు నేచర్ పత్రికలో కూడా వచ్చింది. ఇక మనబోటి వాళ్ళం పడిపోకుండా ఎలా ఉంటాం చెప్పండి :-)

సరే, అసలు సంగతికొస్తాను. మా మిత్రుల అమ్మాయి ఒకతె వేరే ఊళ్ళో యూనివర్సిటీలో చదువుతోంది, అలాంటి జట్టులో ఉంది. సెలవులకు విండ్సర్ వచ్చినప్పుడు "అంకుల్, ఒక సర్వే నింపిపెట్టరా, ప్లీజ్" అంది. (నాకింకా నలభై నిండలేదు. అయినా అంకుల్నే.) పది ప్రశ్నలు. సింథటిక్ బయాలజీ గురించి విన్నారా? దాన్ని సమర్థిస్తారా? అవును, కాదు, చెప్పలేను. జట్టు చేస్తున్నది ఈరీ సరస్సు నీళ్ళలో నాచు విషాన్ని పసిగట్టి రంగు మారే బాక్టీరియా. ఆ ముక్క మాత్రం సర్వేలో ఎక్కడా లేదు. ఈరీ సరస్సు నీళ్ళు మీరు తాగుతారా అన్న ప్రశ్న కూడా లేదు.

ఇదెందుకూ అంటే, ఐజెమ్‌లో పతకం రావాలంటే క్లోనింగు ఒక్కటీ చాలదు. జనంతో మాట్లాడాలి, మీ పని సమాజానికి మంచిదేనని ఆలోచించినట్టు చూపించాలి. హ్యూమన్ ప్రాక్టీసెస్ అని దానికో పేరుంది. నిబంధన మంచిదే. నిజం చెప్పాలంటే మన సాఫ్టువేరులో ఏ పోటీలోనూ ఇలాంటిది నేను చూడలేదు. నా గొడవంతా అది జరిగే తీరుతోనే. ఎక్కువ జట్లకు దానర్థం ఒక సర్వే, పిల్లలకు రంగులేసుకునే పుస్తకం, ఏ మాల్‌లోనో ఒక శనివారం పూట మూడు గంటల స్టాల్, "ఇంతమందికి చేరువయ్యాం" అని ఒక అంకె. మన భాషలో చెప్పాలంటే, రిలీజ్ అయిపోయాక యూజర్ ట్రైనింగు. నేననేది ఏమిటంటే అది రిక్వైర్‌మెంట్స్ దశలో జరగాలి, జనం చెప్పింది విని డిజైను మారాలి. మారే అవకాశం లేనప్పుడు అడగడం ఎందుకు?

పిల్లల కష్టం తెలియక అంటున్న మాట కాదు ఇది. క్లోనింగు అనగానే మనకు డాలీ గొర్రెపిల్ల గుర్తొస్తుంది కానీ లాబుల్లో రోజూ జరిగేది అది కాదు. మా అత్తగారికి ఆ అమ్మాయి పెరుగు తోడుతో చెప్పింది, ఆవిడకి ఠక్కున అర్థమైంది. తోడు చుక్క గిన్నెడు పాలల్లో తెల్లారేసరికి తనలాంటివి కోట్లు పుట్టిస్తుంది కదా. బాక్టీరియా లోపల ప్లాస్మిడ్ అని గుండ్రటి చిన్న డీఎన్ఏ గొలుసు ఉంటుంది. దాన్ని ఒకచోట కత్తిరించి, మనకు కావలసిన జన్యువును ఇరికించి, మళ్ళీ అతికించి లోపలికి పంపిస్తే, తెల్లారేసరికి మన జన్యువుకు కూడా కోట్ల నకళ్ళు. అదే క్లోనింగు.

కత్తెరలు ఎంజైములే. ఈకో ఆర్ వన్ అనే ఎంజైము జీఏఏటీటీసీ అన్న ఆరక్షరాలు కనబడితేనే కోస్తుంది, అచ్చం మన గ్రెప్ లాగా. అతికించే జిగురు లైగేజ్ అనే ఇంకో ఎంజైము. టామ్ నైట్ తెలివంతా కత్తెరల ఎంపికలో ఉంది. ఎక్స్‌బీఏ వన్ కోసిన కొస, ఎస్‌పీఈ వన్ కోసిన కొస ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నాక ఆ అతుకును రెండిట్లో ఏదీ మళ్ళీ కొయ్యలేదు. అంటే రెండు ముక్కలు కలిపితే వచ్చేది కూడా మళ్ళీ ఒక ముక్కే, దాన్ని ఇంకోదానికి అదే పద్ధతిలో కలపొచ్చు. (ఇప్పుడు ఇంతకంటే సులువు పద్ధతులు వచ్చాయి. కానీ అందానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.) ఆ తర్వాత 42 డిగ్రీల వేడి నీళ్ళలో కాసేపు పెట్టి బాక్టీరియాకు దాన్ని మింగించడం, యాంటీబయాటిక్ కలిపిన పళ్ళెంలో పరవడం, ప్లాస్మిడ్ అందుకున్నవి మాత్రమే బతికి మర్నాటికి చుక్కలు చుక్కలుగా పైకి రావడం. రాకపోతే మళ్ళీ మొదటికి. వచ్చినా, సీక్వెన్సింగులో ఒక అక్షరం తేడా వస్తే మళ్ళీ మొదటికి. ఎండాకాలమంతా ఇదే పని.

మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా ఇలా పుట్టిందే. వైరస్ పై పొర తాలూకు జన్యువును ఈస్టులో పెట్టి పెంచారు. అంతకుముందు వందల రూపాయలు పెట్టి దిగుమతి టీకా వేయించుకున్న ఇళ్ళలో డోసు యాభై రూపాయలకు వచ్చింది. కాబట్టి క్లోనింగంటే భయపడే బాపతు కాదు నేను.

ఇక జనాన్ని ముందు అడగకపోతే ఏమవుతుందో చెప్తాను. మా పెదనాన్నది వరంగల్ దగ్గర పల్లె. మూడెకరాల చెలక, పత్తి. బీటీ పత్తికి దేశంలో అనుమతి 2002లో వచ్చింది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియా జన్యువును పత్తిలో పెడితే ఆకూ కాయా తిన్న కాయతొలుచు పురుగు చచ్చిపోతుంది. విత్తనం ప్యాకెట్టు 450 గ్రాములు. దాంతోబాటు 120 గ్రాముల ఇంకో చిన్న ప్యాకెట్టు ఇచ్చేవాళ్ళు, అందులో బీటీ కాని మామూలు పత్తి గింజలు. వాటిని చేను చుట్టూ కనీసం ఐదు సాళ్ళు వెయ్యాలి, లేదా మొత్తం విస్తీర్ణంలో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అది. ఎందుకంటే బీటీని తట్టుకుని బతికిన ఒకటీ అరా పురుగు ఇంకో అలాంటిదాంతోనే జతకడితే పిల్లలన్నీ మొండివే పుడతాయి. చుట్టూ మామూలు పత్తి మీద బతికిన మామూలు పురుగులుంటే వాటితో జతకడుతుంది, మొండితనం పలచబడుతుంది. కాగితం మీద ముచ్చటైన డిజైను. పోయినసారి ఫోన్లో అడిగాను.

"పెదనాన్నా, బీటీ గింజల్తోని ఒక చిన్న ప్యాకెట్ ఇచ్చేటోళ్ళు గద, దాన్నేం జేసినవ్?"

"అదా! దాన్నెవడు పెడ్తడు రా? ఉన్నదే మూడెకరాలు. పురుగుకు మేపనీకి సాళ్ళు ఇడిచిపెడ్తమా?"

"ఎందుకిచ్చిన్రో చెప్పలేదా?"

"ప్యాకెట్ మీద ఏందో రాసి ఉన్నదంట, సన్న అచ్చరాలు. షాపాయన చెప్పలే, నేనడగలే. బీడుకు పడేసిన."

ఆ మాటలో తప్పేముంది? ఆయన లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది. చేలో ఐదో వంతు పురుగుకు వదలమంటే మూడెకరాలవాడు వదలడు, వందెకరాలవాడు వదిలితే వదలొచ్చు. ఆ సంగతి తెలుసుకోవడానికి జన్యుశాస్త్రం అక్కర్లేదు, ఏ ఊరి కూడలిలోనైనా ఒక పూట కూర్చుంటే తెలిసేది. గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిపోయి చేలను ఊడ్చిపెట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఈ ఒక్కటే అనను. కానీ ఇదీ ఒకటి. చివరికేం చేశారు? మామూలు గింజల్ని విడిగా ఇవ్వడం మాని, బీటీ గింజల్లోనే కొన్ని కలిపి ఒకే సంచిలో ఇవ్వడం మొదలుపెట్టారు. రైతు ఏమీ ప్రత్యేకంగా చెయ్యక్కర్లేదు, విత్తితే చాలు. దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది ఆ మార్పుకి! మనం దీన్ని యూజబిలిటీ బగ్ అంటాం.

అడిగిన సందర్భం కూడా మన దగ్గరే ఉంది. చాలామంది మర్చిపోయారు. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో ప్రజాతీర్పు అని ఒక కార్యక్రమం జరిగింది. అప్పటి ప్రభుత్వం విజన్ 2020 అంటున్న రోజులు. పందొమ్మిది మంది జ్యూరీ, ఎక్కువమంది చిన్న సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ముందుకు అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. అన్నీ విని జ్యూరీ ఇచ్చిన తీర్పు: జన్యుమార్పిడి పంటలు మాకొద్దు, విటమిన్ ఏ బియ్యం సహా. భూమి, విత్తనం మా చేతుల్లోనే ఉండాలి. ఆ నివేదిక మీద లండన్‌లో పెద్ద దుమారమే లేచింది, ఎందుకంటే విజన్‌కు డబ్బిస్తున్నవాళ్ళలో బ్రిటిష్ ప్రభుత్వమూ ఉంది. నిర్వాహకులు ముందే ఒక పక్షం వహించారని విమర్శలూ వచ్చాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ తీర్పులోని ప్రతి మాటతోనూ నాకు ఏకీభావం లేదు. పక్క జిల్లాల పత్తి రైతులే ఆ తర్వాత కొన్నేళ్ళకు బీటీ విత్తనం కోసం క్యూలు కట్టారు. రేటు ఎక్కువని 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళి ప్యాకెట్టు ధర సగానికి పైగా దించేదాకా ఊరుకోలేదు. రైతులు ఒకే గొంతుతో మాట్లాడరు, ఏ జనమూ మాట్లాడదు. కానీ ఆల్గోల్‌లో అడిగిన ప్రశ్న చూడండి. "బయోటెక్నాలజీని సమర్థిస్తారా" అని కాదు. "ఇరవై ఏళ్ళ తర్వాత మీ బతుకు ఎలా ఉండాలి, అందులో వీటికి చోటుందా" అని. దానికి చదువురాని మనిషి కూడా గంటసేపు జవాబు చెప్పగలదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. వస్తే మంచిదే. జనాన్ని అడిగి సైన్సు చెయ్యమంటావా, ఓట్లేయించమంటావా అని. మా విండ్సర్ కథే దానికి జవాబు. ఈ ఊరు నీళ్ళు తాగేది డెట్రాయిట్ నది నుంచి. పళ్ళు పుచ్చకుండా ఆ నీళ్ళలో కొద్దిగా ఫ్లోరైడ్ కలిపేవాళ్ళు. 2013 జనవరిలో సిటీ కౌన్సిల్ ఓటేసి ఆపేసింది. ఐదేళ్ళు గడిచాక 2018లో ఇక్కడి ఆరోగ్య శాఖ బడిపిల్లల పళ్ళ లెక్క బయటపెట్టింది: పుచ్చిపళ్ళున్న, లేదా వెంటనే వైద్యం కావలసిన పిల్లల శాతం 2011-12తో పోలిస్తే 2016-17కి 51 శాతం పెరిగింది. అదే ఏడు డిసెంబరులో కౌన్సిల్ మళ్ళీ కలపమని ఓటేసింది. నీళ్ళలోకి ఫ్లోరైడ్ తిరిగొచ్చింది మాత్రం 2022లో.

మా ఆఫీసులో నల్గొండ అబ్బాయికి ఈ కథ చెప్తే హడలిపోయాడు. "నీళ్ళల్ల ఫ్లోరైడ్ కావాల్నని కలుపుతరా?!" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాడు మరి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నల్గొండ బావుల్లో దానికి ఎన్నో రెట్లు. కెనడాలో కలిపేది 0.7 దగ్గర. అదే పదార్థం, మోతాదు తేడా. అతని భయం మూఢనమ్మకం కాదు, అనుభవం. దాన్ని "అవగాహన లేకపోవడం" అనే గడిలో పడేసే సర్వే పనికిమాలిన సర్వే. అలాగే విండ్సర్‌లో పళ్ళ డాక్టరు ఖర్చు భరించలేని ఇంటి పిల్లల పళ్ళను లెక్కలోకి తీసుకోకుండా వేసే ఓటూ సరైన ఓటు కాదు. జనాన్ని అడగడమంటే ఎవరి నోట్లోకి వెళ్తుందో వాళ్ళని అడగడం, అడిగేముందు వాళ్ళకి తెలుసుకునే వ్యవధి ఇవ్వడం.

అలా వ్యవధి ఇచ్చిన ఊరు ఒకటి ఉంది. చిత్రమేమిటంటే అది ఐజెమ్ పుట్టిన ఊరే. 1976లో హార్వర్డ్ వాళ్ళు డీఎన్ఏ క్లోనింగు లాబు కడతామంటే మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్ మేయర్ వెల్లూచీ ససేమిరా అన్నాడు. కొన్ని నెలలు పని ఆపించి, మామూలు పౌరులతో ఒక సంఘం వేశారు. చమురు వ్యాపారి, ఒక నన్, ఒక ఇంజనీరు, ఇలా. వాళ్ళు నెలల తరబడి రెండు వైపుల వాదనలూ విన్నారు, లాబులు చూశారు, ప్రశ్నలడిగారు. ఆఖరికి వద్దనలేదు, ఇంకొన్ని జాగ్రత్తలు చేర్చి చేసుకోమన్నారు. 1977 ఫిబ్రవరిలో అది ఊరి చట్టమైంది. శాస్త్రవేత్తలు భయపడ్డట్టు పరిశోధనేం పారిపోలేదు. ఆ తర్వాత బయోటెక్ కంపెనీలు ఆ ఊరికే కట్టకట్టుకుని వచ్చాయి, నియమాలేమిటో ముందే తెలుసు కాబట్టి.

విద్యార్థులకు అంత వ్యవధి ఎక్కడిది అంటారు. ఒక ఎండాకాలం, ఒక పారిస్ టికెట్టు, రిజిస్ట్రేషనుకే వేల డాలర్లు. ఆ అమ్మాయి కూడా అదే అంది. "అంకుల్, ఆగస్టుకి క్లోనింగ్ అవ్వాలి, అందరినీ కలిసే టైమ్ ఎక్కడ?" అందరినీ కలవక్కర్లేదు. ఐదు వందల మంది చేత అవునూ కాదూ అనిపించేకన్నా ఐదుగురితో ఐదు గంటలు కూర్చోవడం మేలు. పైగా ఈ విషయంలో భాష ఒకటుంది. తిరుపతి ఐసర్ విద్యార్థులు 2021లో ఓవిక్లోక్ అని హార్మోన్లు లేని గర్భనిరోధకం ప్రాజెక్టు చేశారు. అండం చుట్టూ ఉండే పొరను గట్టిపరిచి వీర్యకణం లోపలికి పోకుండా చేసే ఆలోచన. దీని గురించి తిరుపతి బస్టాండులో ఎదురుపడిన ఒక ఇల్లాలిని అడగాలంటే ఏ మాటలతో అడగాలి, ఎవరు అడగాలి, పక్కన ఎవరు ఉండకూడదు? ప్లాస్మిడ్‌లో ఎక్కడ కొయ్యాలన్నంత కష్టమైన ప్రశ్న అది. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి దించిన ప్రశ్నాపత్రం అక్కడ పనిచెయ్యదు. మా అత్తగారికి తోడు చుక్క దొరికినట్టు, ప్రతి ఊళ్ళోనూ దానికి తగ్గ మాట వెతుక్కోవాలి.

ఇంకోటి. లాబులో విఫలమైన ప్రతి ప్రయోగమూ నోటుబుక్కులో ఉంటుంది. మూడుసార్లు లైగేషన్ ఫెయిలయింది, ఇదిగో ఫొటో అని రాస్తారు, సిగ్గుపడరు. జనంతో పని గురించి రాసే పేజీల్లో మాత్రం అన్నీ విజయాలే. నవ్వుతున్న పిల్లలు, పైకెత్తిన బొటనవేళ్ళు. "మీ వస్తువు మాకొద్దు" అన్నవాడు ఎక్కడ? అతనన్నదాని వల్ల ఏం మార్చారు? మార్చకపోతే ఎందుకు మార్చలేదు? జడ్జీలు నిజంగా ఇది అడిగి మార్కులేస్తే, మాల్‌లో స్టాళ్ళు ఒక్క ఏడాదిలో మాయమవుతాయి.

మా కౌంటీలోనే దక్షిణాన కింగ్స్‌విల్, లెమింగ్టన్ వైపు తాగేదీ, గ్రీన్‌హౌసుల్లో టమాటాలకు పెట్టేదీ ఈరీ సరస్సు నీళ్ళే. 2014 ఆగస్టులో నాచు విషం వల్ల సరస్సుకు అవతలి ఒడ్డున టొలీడోలో నాలుగు లక్షల మందిని కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు, కాచినా ఆ విషం పోదు కనుక. మూడు రోజులు సీసా నీళ్ళే గతి. అందుకని ఆ అమ్మాయిని కింగ్స్‌విల్ రేవుకు పొమ్మన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే పోయింది. చేపల పడవలో పనిచేసే ఒక పెద్దాయన అంతా ఓపిగ్గా విని రెండు అడిగాడట. రంగు మారడానికి ఎంతసేపు పడుతుంది, చూడ్డం అయ్యాక ఆ నీళ్ళు ఎక్కడ పారబొయ్యాలి అని. మొదటిదానికి జవాబు రాత్రంతా. బ్రతికున్న జన్యుమార్పిడి బాక్టీరియా కాబట్టి రెండోదానికి జవాబు: సరస్సులో మాత్రం కాదు, దానికి కెనడా చట్టం ఒప్పుకోదు. ఆయన టీ తాగుతూ, "ఇంకేం, పడవ మీద నాకు దీనితో పనేముంది" అన్నాడట.

ఇప్పుడు వాళ్ళ జట్టులో సగంమంది బ్రతికున్న బాక్టీరియా మానేసి, లోపలి సరంజామా మాత్రం తీసి కాగితం మీద ఎండబెట్టి వాడదామంటున్నారు. మిగతా సగం, జూలై వచ్చేసింది, ఇప్పుడు డిజైను మార్చడమేమిటి అంటున్నారు. ఇంకా తేలలేదు.